సున్నం గీత వెంట

నేను పుట్టు పిరికిదాన్ని. ఈ మాట ముందే చెప్పేస్తే నాకు హాయి. ఒకప్పుడు పరుగు పందేల్లో పాల్గొన్నానని తెలియగానే జనం నన్ను వీరనారిని చూసినట్టు చూస్తారు. నాకు ఒళ్ళు మండుతుంది. ధైర్యమున్నవాళ్ళు నిలబడతారు, నాలాంటివాళ్ళు పరుగెత్తుతారు. నల్లగొండ జిల్లాలోని మా ఊళ్ళో కుక్క మొరిగితే పరుగు, బర్రె తల విదిలిస్తే పరుగు, పంతులు బెత్తం వైపు చూస్తే చాలు పరుగు. కాళ్ళకు వేగం అలా వచ్చిందే తప్ప ఎవరూ నేర్పలేదు.

డిగ్రీలో చేరాక ఆ కాళ్ళు నాతోపాటు దిల్‌సుఖ్‌నగర్ వచ్చాయి. అన్నా వదినలతో రెండు గదుల కిరాయి ఇంట్లో ఉండేదాన్ని. అన్న బస్సు డిపోలో మెకానిక్. ఎనభైల నాటి మాట ఇది. మా చుట్టూ రోజుకో కాలనీ పుట్టుకొస్తోంది. ఎటు చూసినా ఇసుక కుప్పలు, సగం లేచిన గోడలు, ఇటుకల లారీలు. పొద్దున నడిచిన దారికి అడ్డంగా సాయంత్రానికి పునాది తవ్వేసేవాళ్ళు. కరెంటు పోయినప్పుడు ఆ గుంటల్లో పడతానేమోనని గోడలు తడుముకుంటూ ఇల్లు చేరేదాన్ని. భయాన్ని నేను వెతుక్కోవలసిన పని ఎప్పుడూ లేదు, అదే నన్ను వెతుక్కుంటూ వచ్చేది.

మా కాలేజీలో ఆటలు నేర్పే మేడం నా పరుగు చూసి మురిసిపోయింది. "ఊరంతా చెప్పుకునే ఆ పెద్ద మారథాన్ ఉంది చూశావా, అందులో పరుగెత్తితేనే నిన్ను రన్నర్ అంటారు. మిగతావన్నీ పిల్లలాటలు," అంది.

ఆ రోజుల్లో మాకు మారథాన్ అంటే అదొక్కటే. పేపర్లో ఫోటో పడేది దానికే, చుట్టాల ముందు చెప్పుకోదగ్గదీ అదే. కాబట్టి నేనూ దానికే పేరిచ్చాను. ఎలాంటి రోడ్డు, ఎంత జనం, నాలాంటి మనిషికి అది సరిపడుతుందా అని ఒక్క ప్రశ్న వేసుకోలేదు. హాలు ముందు జనం ఎగబడుతున్నారని సినిమా పేరు కూడా చూడకుండా మనమూ లైన్లో నిలబడతాం కదా, అలా నిలబడ్డాను.

బయలుదేరే చోట నా ముందు వీపులు, వెనక మోచేతులు. ఊపిరాడటం లేదు. వెనక్కి పోదామంటే దారి లేదు. తుపాకీ పేలగానే ఎవరో నన్ను తోశారు, నేను ఎవరినో తోశాను, మరుక్షణం తారు రోడ్డు నా చెంపకు తగిలింది. పైన కాళ్ళు. ఒకటి నా వేళ్ళ మీద పడింది, ఇంకొకటి నడుము మీద. అరిచాను గానీ నా అరుపు నాకే వినపడలేదు. చచ్చిపోతున్నాననే అనుకున్నాను. అప్పుడెవరో నా జడ పట్టుకుని మడిలోంచి కలుపు పీకినట్టు పక్కకు లాగారు. చూస్తే మా వదిన. నన్ను సాగనంపడానికి వచ్చి పేవ్‌మెంటు మీద నిలబడ్డ మనిషి, చీరె కొంగు బిగించి ఆ కాళ్ళలోకి దూరింది. నలభై రెండు కిలోమీటర్ల మాట దేవుడెరుగు, నేను మొదటి కరెంటు స్తంభం కూడా దాటలేదు.

వేళ్ళ వాపు తగ్గింది గానీ భయం తగ్గలేదు. మలక్‌పేట దగ్గర సిటీ బస్సులో జనం ఎక్కగానే చెమటలు పట్టి మధ్యలో దిగిపోయేదాన్ని. మేడం మాత్రం వచ్చే ఏడు మళ్ళీ పరుగెత్తాల్సిందేనంది. ఆ మాట విన్న రోజు ఇంటికొచ్చి, ఇక నేను పరుగెత్తను, షూ ఎవరికైనా ఇచ్చెయ్యమని వదినకు చెప్పి ఏడ్చాను.

వదిన బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. చేట కింద పెట్టలేదు.

"ఏందే పిల్లా, దునియాల గదొక్కటే పరుగా? చుట్టాలల్ల మస్తు పెండ్లిలైతయి. పెద్దిండ్ల పెండ్లికే పోతమా? చిన్న పెండ్లిల బువ్వ పెట్టరా?"

"చిన్న పందేలు ఎక్కడుంటయి వదినా? ఎవరికెరుక?"

"అడిగితె ఎరుకైతది. నేను అడుగుత. నీకు తోడు నేను గూడ ఉరుకుత."

వదినకు నాకన్నా నాలుగేళ్ళు ఎక్కువ. ఎల్.బి. నగర్ చౌరస్తా దాటాక ఉన్న ఒక పాత ఊరు వాళ్ళది. తండ్రికి వరి పొలాలు. ఆమె పెళ్ళయ్యేనాటికి అవి పొలాలే, తర్వాత ఒక్కొక్కటీ ప్లాట్లవుతున్నాయి. చిన్నప్పుడు తలమీద నారు మోపుతో గట్ల మీద పరుగెత్తిన మనిషి. నా పంజాబీ డ్రెస్ ఒకటి వేసుకుని, నా పాత కాన్వాస్ షూలో కాళ్ళు దూర్చి ముందుగదిలోకి వచ్చినప్పుడు అన్న నోరు తెరిచాడు.

"గిదేం అవతారమే?"

"మరి చీరె కట్టి ఉరుకుమంటవా? నువ్వు కట్టి ఉరికి సూపియ్యి, నేను గూడ గట్లనే ఉరుకుత."

అన్న టిఫిన్ డబ్బా తీసుకుని డిపోకి వెళ్ళిపోయాడు. దాన్నే మేం అనుమతి కింద లెక్కేసుకున్నాం.

అడిగితే నిజంగానే తెలిశాయి. బాటసింగారం పక్కన ఒక ఊరి జాతరలో పందెం ఉందని పాలమ్మే ఆమె చెప్పింది. కొత్తపేటలో పండ్ల బండి అతను ఇంకోటి చెప్పాడు. ఇవి పేపర్లో వచ్చేవి కావు. గోడ మీద బొగ్గుతో రాసేవాళ్ళు, లేదా ఆటోకు మైకు కట్టి అరిచేవాళ్ళు. ఒకచోట వీపు మీద సుద్దతో నంబరేశారు, చెమటకు అది కాస్తా కరిగిపోతే నేనెవరో తేల్చడానికి పెద్దమనుషులు కూర్చున్నారు. ఇంకోచోట ఆడవాళ్ళం మేమిద్దరమే కావడంతో మొదటి బహుమతి నాకు, రెండోది వదినకు ఇచ్చి చేతులు దులుపుకున్నారు.

వీటిలోనూ నాకు భయం లేకపోలేదు. కుక్కలుండేవి. హైవే మీద లారీవాళ్ళు మా పక్కనే హారన్ కొట్టి నవ్వేవాళ్ళు. అయితే అవి నాకు పేరు తెలిసిన భయాలు. ముందు చోటుంది, పక్కన చోటుంది, పడితే లేవడానికి చోటుంది. పైగా వెనక వదిన ఉంది. ఆమె నాకన్నా నెమ్మది, కానీ ఆగేది కాదు. మలుపు తిరిగినప్పుడల్లా వెనక్కి చూస్తే ఎక్కడో ఆమె చున్నీ కనిపించేది, నాకు ఊపిరి కుదుటపడేది. అందరూ పోయే పరుగే మనకూ మంచిదని ఎవరు చెప్పారు? పరుగు మన ఒంటికీ గుండెకీ సరిపోవాలి. మేడంతో ఈ మాటే అంటే ఆమె నన్ను కాలేజీ మార్చిన పిల్లను చూసినట్టు చూసింది. చూస్తే చూసింది.

ఆ చలికాలంలోనే ఎల్.బి. నగర్ అవతల ఒక కొత్త కాలనీ యువజన సంఘం పరుగు పెట్టింది. ఆటో మైకు "సగం మారథాన్, సగం మారథాన్" అని మా వీధిలో కూడా అరిచింది. సగమేనని ఎవరు కొలిచారని అడిగితే, స్కూటర్ మీటర్ చూసి కొలిచామని గర్వంగా చెప్పారు. అది వదిన పుట్టింటి దిక్కు. పరుగయ్యాక వాళ్ళమ్మ దగ్గర సద్దరొట్టె తినొచ్చని ఆమె ముందు రోజంతా ఊరించింది.

ఆదివారం పొద్దున చౌరస్తాకు చేరేసరికి మంచు కమ్మేసి ఉంది. ఎదురుగా వచ్చే బస్సు లైట్లే కనిపిస్తున్నాయి గానీ బస్సు కనిపించడం లేదు. ఓ పాతికమందిమి ఉంటాం. సంఘం కుర్రాళ్ళు షామియానా వేసి, డ్రమ్ములో నిమ్మకాయ నీళ్ళు కలిపి, మంచి హుషారుగా ఉన్నారు.

"తొవ్వ ఎట్ల తెలుస్తది?" అని వదిన అడిగింది.

"సున్నం గీత ఏసినమక్కా. కబడ్డీ కోర్టుకు ఏసినట్టు. గీత పట్టుకొని పోవుడే," అన్నాడొకడు. "పెద్ద మలుపు కాడ నేనే జెండ పట్టుకొని నిలవడ్త."

బయలుదేరాం. కొంత దూరం ఇద్దరం పక్కపక్కనే పరుగెత్తాం. మంచులో నాకు బెరుకుగా ఉందని ఆమెకు తెలుసు. కాసేపయ్యాక, "నువ్వు పో. నా లెక్క ఉరికితె సల్లబడ్తవ్. నేనెనకనే ఉన్న," అంది. ముందున్న కొందరి అడుగుల చప్పుడు పట్టుకుని నేను వేగం పెంచాను.

ఇళ్ళు అయిపోయి పొలాలు మొదలయ్యాయి. పొలాలని అలవాటుగా అంటున్నాను గానీ అప్పటికే గట్లు చదును చేసి, హద్దురాళ్ళు పాతి, వరుసలు తీర్చిన ప్లాట్లవి. పెద్ద మలుపు దగ్గర జెండా అబ్బాయి నిలబడి కుడివైపు చెయ్యి చూపిస్తున్నాడు. అక్కడ నేలమీద రెండు తెల్లని గీతలు కనిపించాయి. ఒకటి కుడివైపు తిరిగింది. ఇంకొకటి తిన్నగా మంచులోకి పోయింది. రెండూ ఒకే తెలుపు, ఒకే వెడల్పు. అతను చెయ్యి చూపకపోతే ఏది మాదో నాకు తెలిసేది కాదు. ప్లాట్లవాళ్ళ గీత కాబోలు అనుకుని కుడివైపు తిరిగాను. వెనక్కి చూశాను. మంచు తప్ప ఏమీ కనపడలేదు.

తిరిగి షామియానా చేరేసరికి ఆడవాళ్ళలో నేనే మొదట. చేతిలో స్టీలు డబ్బా పెట్టి చప్పట్లు కొట్టారు. నిమ్మకాయ నీళ్ళు తాగుతూ రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాను. ఒకరొకరుగా వస్తున్నారు. నా వెనక బాగా దూరంలో ఉన్న ఓ పెద్దాయన కూడా వచ్చేశాడు. వదిన రాలేదు. ఏం కాదులే, నడుస్తూ వస్తోందేమో అని నాకు నేనే చెప్పుకున్నాను. అలా చెప్పుకుంటూ పక్కకు చూస్తే, జెండా అబ్బాయి టీ తాగుతున్నాడు.

గ్లాసు పక్కన పెట్టి అతని దగ్గరికి వెళ్ళాను.

"అన్నా, మలుపు కాడ ఇప్పుడెవరున్నరు?"

"ఎవరెందుకమ్మా? ముందటోళ్ళు దాటిపోయిన్రు గద."

అతని తప్పని ఇప్పుడు కూడా అనలేను. మా వైపు పందెం అంటే గెలిచేవాళ్ళది. ముందున్న నలుగురూ మలుపు తిరిగితే ఇక మలుపు పని అయిపోయినట్టే. వెనక వచ్చేవాళ్ళు ఉంటారని, వాళ్ళకూ దారి కావాలని ఎవరికీ తట్టదు. చిన్న పందేలను ఎంచుకున్న నాకూ ఆ మాట అడగాలని తట్టలేదు.

అప్పుడే మంచులోంచి ఒక మధ్యవయసు మనిషి పడుతూ లేస్తూ వచ్చాడు. మోకాళ్ళ నిండా బురద. గుంటూరు వైపు మనిషని నోరు విప్పగానే తెలిసింది.

"అటు ఇంకెవరినీ వెళ్ళనివ్వకండి బాబూ. అక్కడ నుయ్యి ఉందండీ. గీత తిన్నగా నూతిలోకే వెళ్తోంది."

"ఏ నుయ్యండీ?" అని ఎవరో అడిగారు.

"గోడ లేదండీ, ఏం లేదు. నేను దగ్గరికి వెళ్ళేసరికి ఎవరో ఆడమనిషి కేక వినపడింది. ఆ వెంటనే నీళ్ళలో దబ్బుమని చప్పుడు. మళ్ళీ ఇంకోసారి. ఎవరో పడ్డారండీ. నాకు చూసే ధైర్యం చాల్లేదు."

అతని మీద కోపం రావాలి. రాలేదు. అతను చేసింది సరిగ్గా నేను చేసే పనే. జెండా అబ్బాయి స్కూటర్ వైపు పరుగెత్తి కిక్కు మీద కిక్కు కొడుతున్నాడు, అది గురగురమంటోంది తప్ప లేవడం లేదు. స్టీలు డబ్బా ఎక్కడ పడేశానో తెలియదు. నేను వచ్చిన దారినే వెనక్కి పరుగెత్తాను.

అంతవరకూ నేను పరుగెత్తిన ప్రతిసారీ దేన్నుంచో పారిపోతూనే పరుగెత్తాను. ఇప్పుడు భయం ముందుంది, నేను దానివైపు పోతున్నాను. కాళ్ళు వద్దంటున్నాయి. అడుగు ఒకచోట వేస్తే ఇంకోచోట పడుతోంది. వదినకు ఈత వచ్చు అని గుర్తొచ్చింది. పుట్టింట్లో నేర్చుకున్నానని చాలాసార్లు చెప్పింది. కానీ బట్టలతో, షూతో, ఈ చలిలో, తల రాయికి తగిలితే? అన్నకు ఏమని చెప్పాలి? అన్న ముఖం కాదు, ఇంట్లో గోడకు ఆనించి పెట్టిన ఆమె చేట కళ్ళముందుకు వచ్చింది. ఏడుపు రాలేదు. ఏడుపుకు కూడా కొంచెం తీరిక కావాలి. దేవుళ్ళందరినీ పేరుపేరునా పిలిచి, ఒక్కొక్కరికీ ఒక్కొక్కటి మొక్కుకుని, ఆ మొక్కులు ఏమిటో అప్పుడే మర్చిపోయాను.

మలుపు దగ్గర ఎవరూ లేరు. తిన్నగా పోయే గీత మీద చాలా అడుగులు పడి ఉన్నాయి. కొన్ని లోపలికి, కొన్ని బయటికి. అవి చూడగానే కాళ్ళు ఆగిపోయాయి. నిజం చెబుతున్నాను, అక్కడ ఆగాను. "వదినా!" అని అరిచాను. జవాబు లేదు. ఇంకోసారి అరిచాను. మంచులోంచి దబ్ అని నీళ్ళ చప్పుడు వచ్చింది.

ఎవరో మునుగుతూ లేస్తున్నారని అనుకున్నాను. ఇంకా ప్రాణం ఉందనుకున్నాను. గీత పట్టుకుని నడిచాను, పరుగెత్తే ధైర్యం లేదు, ఎప్పుడు నేల అయిపోతుందో తెలియదు. తుమ్మ కంపకు నా చున్నీ చిక్కుకుని వేలాడుతోంది, వదిన కట్టుకొచ్చిందే. దాన్ని పట్టుకున్నాను గానీ తీయడానికి చేతులు రాలేదు.

మరో దబ్. ఈసారి చాలా దగ్గర.

ఇక అక్కడినుంచి చేతులూ మోకాళ్ళ మీద పాకాను. సున్నం అరచేతులకు అంటుకుంది. గీత పోయి పోయి ఒకచోట నరికినట్టు ఆగిపోయింది. ఆ తర్వాత నల్లగా ఖాళీ. ఖాళీకి అవతల, అదే గీత మళ్ళీ మొదలై మంచులోకి పోయింది. ఎవరో ఈ గట్టు నుంచి ఆ గట్టుకు తాడు పట్టి, మధ్యలో బావి ఉన్నట్టే తెలియనట్టు రెండువైపులా సున్నం పోసుకుంటూ పోయారు. నా జీవితంలో నేను చూసిన భయంకరమైన వస్తువు ఏదంటే ఆ గీతే అంటాను.

అక్కడే అంచున, గడ్డిలో, వదిన కూర్చుని ఉంది. చేతిలో మట్టిపెళ్ళ. నన్ను చూసి దాన్ని కింద పెట్టింది.

బతికే ఉందని తెలిసిన మరుక్షణం నాకు పిచ్చి కోపం వచ్చింది. "ఏం చేస్తున్నవు ఈడ? నేను పిలుస్తుంటె పలకవేంది? నీకేమన్న అయితే అన్నకు నేనేం చెప్పాలె? పిచ్చి లేసిందా?" అని నోటికి వచ్చినట్టల్లా తిట్టాను. వదినను అలా తిట్టడం అదే మొదలు. తిడుతూనే ఆమె భుజం పట్టుకుని వెనక్కి లాగబోయాను. ఆమె కదల్లేదు.

"గొంతు పోయింది పిల్లా," అంది. గుసగుసలా వచ్చింది మాట. "ఉరికొచ్చెటోళ్ళకు ఆగున్రి, ఆగున్రి అని ఒర్లిన. మంచుల యాడికెల్లి ఒర్లుతున్ననో తెలుస్తలేదు వాళ్ళకు. నీళ్ళ సప్పుడైతె బావి అని ఎరుకైతదని రాళ్ళేసిన. అందరు మళ్ళిపోయిన్రు. రాళ్ళయిపోయినై, గిప్పుడు పెళ్ళలు తవ్వుతున్న."

ఆమె గోళ్ళ నిండా మట్టి. నేను విన్న చప్పుళ్ళు, ఆ గుంటూరాయన విన్న చప్పుళ్ళు, అవి. పక్కన కూలబడి ఆమె చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది.

వెనక నుంచి సంఘం కుర్రాళ్ళు ఇద్దరు ఆయాసపడుతూ వచ్చారు. వదిన వాళ్ళను దగ్గరికి రానివ్వలేదు. "నాతోని ఏం లేదు. మీరు వొయ్యి మలుపు కాడ నిలవడున్రి. ఇంక ఎనక ఎవరన్న ఉండొచ్చు," అని పంపేసింది. వాళ్ళు వెళ్ళాక లేద్దాం పద అన్నాను. జర ఆగు అంది. ఎందుకని అడగలేదు. నేనూ లేచే స్థితిలో లేను.

"ఇది మా పొలంల బావే," అంది కాసేపటికి. "మా నాయిన నన్ను నడుముకు బెండు కట్టి ఈత నేర్పిచ్చింది గీండ్లనే. మోటర్ పీకేసిన్రని ఇన్న గని, గోడ గూడ పీకిన్రని తెల్వదు."

మంచు పలచబడుతోంది. అవతల మట్టి రోడ్డు మీద జీపు ఆగిన చప్పుడైంది. ఆదివారం కదా, ప్లాట్లు చూపించే రోజు. అందుకే ముందు రోజు సాయంత్రం కొత్త గీతలు వేశారు. పొలాలను ప్లాట్లు చేసి అమ్మే లేఅవుట్ ఆసామీ ముందు, అతని వెనక ఇస్త్రీ బట్టల్లో భార్యాభర్తల జంటలు కొన్ని, అందరికన్నా వెనక తలకు తువ్వాల చుట్టుకున్న వదిన వాళ్ళ నాయన. నేల ఈయనదేనని కొనేవాళ్ళకు నమ్మకం కలిగించడానికి ఆయన్ను వెంట తిప్పేవారు. "నీళ్ళకేమీ ఇబ్బంది ఉండదు కదండీ ఇక్కడ?" అని ఒకామె అడుగుతోంది.

ఆయన మమ్మల్ని చూశాడు. గబగబా ముందుకు వచ్చి, బావికీ వాళ్ళకూ మధ్య అడ్డంగా నిలబడి, గొంతు తగ్గించి మాట్లాడాడు.

"బిడ్డా, నువ్వా? గీడ కూసున్నవేంది? లే లే. మనుషులొస్తున్నరు, జర పక్కకు జరుగు. రేపు పూడ్పిస్తమన్నరు, ఇయ్యాల్లొక్క దినం..."

"లేవనీకొస్తలేదు నాయినా," అంది వదిన.

"ఏమైంది?"

"కాలు ఇరిగినట్టుంది."

నేనూ అప్పుడే చూశాను. ఇంతసేపు పక్కనే కూర్చుని, చెయ్యి పట్టుకుని, తిట్టి, నేను చూడలేదు. గడ్డిలో దాచుకున్నట్టుగా పెట్టిన ఆమె కాలికి షూ లేదు. సల్వార్ మోకాలి దాకా చినిగి, పిక్క పొడుగునా చర్మం లేచి రక్తం గడ్డకట్టింది. చీలమండ వాచి ఒక పక్కకు తిరిగి ఉంది. ఆమె కూర్చున్న చోటికి ఆనుకుని బావి అంచు ఒక చాటంత మేర విరిగి కిందికి పోయింది. ఆ మట్టి ఇంకా పచ్చిగా ఉంది. దానిపైన గడ్డి దుబ్బు ఒకటి వేళ్ళతో సహా సగం ఊడివచ్చి వేలాడుతోంది.

ఆమె అక్కడ కాపలాకు కూర్చోలేదు. లేవలేక కూర్చుంది.

ముసలాయన ఆ అంచును చూశాడు. గీతను చూశాడు. మెల్లగా గొంతుక్కూర్చుని కూతురి పాదం రెండు చేతులతో పట్టుకున్నాడు.

"నువ్వు గిండ్ల..." అని మొదలుపెట్టాడు.

"సగం పోయిన నాయినా. గడ్డి దొరికింది."

ఆమె ఆ మాట చాలా మామూలుగా అంది. అనేశాక ఆమె దవడ వణకడం మొదలైంది, ఎంత బిగబట్టినా ఆగలేదు. "ఈత యాదికి రాలే. ఒక్కటి గూడ యాదికి రాలే. గింత బుగులు నాకెన్నడు గాలే," అంది. ఏ రోజూ దేనికీ భయపడని మనిషని నేను నమ్మి, నా భయాలన్నీ తెచ్చి ఒళ్ళో పోసిన మా వదిన అలా అంటుంటే, నాకు బావి కన్నా ఆమె మాటకే ఎక్కువ భయం వేసింది.

లేఅవుట్ ఆసామీ దగ్గరికి వచ్చి, "పెద్దాయనా, వీళ్ళను జర తొందరగా..." అని చెయ్యి పట్టి లేపబోయాడు. ఆయన విదిలించుకుని లేచాడు. ఇస్త్రీ బట్టల వాళ్ళ వైపు తిరిగాడు.

"సార్లూ, ముంగటికి రాకున్రి. గీడ బావి ఉన్నది. మస్తు లోతు. గీత బావి మీదికెల్లి గీసిన్రు, నేను సూసుకుంట నిలవడ్డ. మీకు చెప్పలే. ఎవ్వలకు చెప్పలే."

ఆసామీ ఏదో సర్ది చెప్పబోయాడు. నీళ్ళ గురించి అడిగిన ఆమె భర్త చెయ్యి పట్టుకుని అప్పటికే వెనక్కి నడుస్తోంది. మిగతావాళ్ళూ కదిలారు. ముసలాయన వాళ్ళు పోవడం చూడలేదు. తలకున్న తువ్వాల విప్పి, వదిన చీలమండ చుట్టూ బిగించి కట్టాడు. ముడి వేయడానికి వేళ్ళు సాగక రెండుసార్లు జారిపోతే నేను వేశాను. తర్వాత ఆమె ముందు వీపు పెట్టి వంగాడు.

"ఎక్కు. జీపు దాంక మోస్త. దవాఖానకు పోదం."

"నీతోనయితదా?"

"ఎక్కు బిడ్డా."

నేను సాయం పట్టాను. ఆమె రెండు చేతులూ తండ్రి మెడ చుట్టూ వేసింది. పెళ్ళయి ఇల్లు దిద్దుకుంటున్న మనిషి, నా పంజాబీ డ్రెస్‌లో, ఒక కాలికి షూ, ఇంకో కాలికి తువ్వాలతో ఆ వీపు మీద చిన్నగా కనిపించింది. ఆయన మట్టిలో ఒక్కొక్క అడుగే వేస్తూ నడిచాడు. నడుస్తూ నడుస్తూ సున్నం మీద కాలు రాస్తున్నాడు, గీత ముందు వంకరై, తర్వాత మట్టిలో కలిసిపోతోంది. వెనక నేను మిగిలినదాన్ని చెరుపుతూ నడిచాను. ఆయన భుజాలు అదురుతున్నాయి. బరువుకని మొదట అనుకున్నాను.

వదిన గడ్డం తండ్రి భుజం మీద ఆనించి, గొంతు లేని గొంతుతో అంది.

"నాయినా, జర సూసుకుంట నడువు."